డీ-అడిక్షన్ నుంచి తిరిగి డ్యూటీకి: ఆ నర్సును ఎక్కడ వెయ్యాలి, ఎవరు చూసుకోవాలి

"మేడమ్, ఆ సిస్టర్ సోమవారం జాయిన్ అవుతోంది. ఎక్కడ వెయ్యమంటారు?"

ఈ ఫోన్ ఎక్కువగా శనివారం సాయంత్రం వస్తుంది. రోస్టర్ అప్పటికే అయిపోయి ఉంటుంది. ఖాళీ ఎక్కడుంటే అక్కడ పేరు రాసేస్తారు. ఆ ఖాళీ చాలాసార్లు ఐసీయూ నైట్‌లో ఉంటుంది. మత్తు ఇంజెక్షన్లకు అలవాటు పడి, ఆరు వారాలు చికిత్స తీసుకుని వచ్చిన మనిషిని రాత్రిపూట ఫెంటానిల్ లాంటి బలమైన నొప్పి మందుల అల్మారా పక్కన నిలబెడుతున్నామన్న సంగతి ఆ హడావుడిలో ఎవరికీ తట్టదు.

స్టాఫ్ నర్సుగా మొదలై, ఇన్‌చార్జి సిస్టర్‌గా, ఆ తర్వాత సూపరింటెండెంట్‌గా పనిచేశాను. ఇలా తిరిగొచ్చిన వాళ్లను కొందరిని దగ్గరుండి చూశాను. ఎక్కువమంది నిలబడ్డారు. ఒకతన్ని పోగొట్టుకున్నాం. హెడ్ నర్సులకు, సూపరింటెండెంట్లకు, చిన్న నర్సింగ్ హోమ్‌లు నడిపే డాక్టర్లకు నిర్ణయం తీసుకునేటప్పుడు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. తిరిగొచ్చే నర్సు చదివినా మంచిదే. తన కోసం ఏం అడగవచ్చో తెలుస్తుంది.

ముందు తేలాల్సింది: ఏ మందు, ఎక్కడి నుంచి

మద్యం అలవాటైన నర్సుకూ, వార్డు ఇంజెక్షన్లు అలవాటైన నర్సుకూ ఒకే ఏర్పాటు చేస్తారు. నేను చూసిన తప్పుల్లో పెద్దది ఇదే. మద్యం మానేసి వచ్చిన ఆమె నుంచి నార్కోటిక్ (మార్ఫిన్ లాంటి మత్తు మందుల) అల్మారా తాళం చెవి తీసేసుకున్నందువల్ల పెద్దగా లాభం లేదు, అవమానం తప్ప. ఆమెకు కావాల్సింది నిద్ర, వేళకు తిండి, ఒకే తీరుగా సాగే షిఫ్టు. పక్కపక్కన మూడు నైట్లు, తర్వాత ఒక ఈవినింగ్, ఆ వెంటనే మార్నింగ్ అని తిప్పితే చికిత్సలో కూడగట్టుకున్నదంతా పోతుంది. సాయంత్రం ఆల్కహాలిక్స్ అనానిమస్ (మద్యం మానేసినవాళ్ల సంఘం) మీటింగుకు వెళ్లే అలవాటు ఉంటే ఆ వేళ రోస్టర్‌లో ఖాళీగా ఉంచాలి.

వార్డు మందులు వాడిన వాళ్ల కథ వేరు. వాళ్లకు మందు దొరికే చోటూ పనిచేసే చోటూ ఒకటే. మన ఆసుపత్రుల్లో నేను ఎక్కువగా విన్న పేరు పెంటజోసిన్ అనే నొప్పి ఇంజెక్షన్, అంటే ఫోర్ట్‌విన్. కొందరు దానికి ఎవిల్ అనే అలర్జీ ఇంజెక్షన్ కలిపి తీసుకుంటారు. ట్రమడాల్ అనే నొప్పి మందు, నిద్రపుచ్చే, మత్తిచ్చే మిడాజొలామ్, కెటమిన్, ప్రొపొఫాల్ కూడా ఉన్నాయి. మార్ఫిన్‌కు డబుల్ లాక్ పెట్టి, రిజిస్టర్ రాసి, నిశ్చింతగా ఉంటాం. క్రాష్ కార్ట్ (అత్యవసర మందుల బండి) పై అరలో ప్రొపొఫాల్ వయల్స్ ఎన్నున్నాయో మాత్రం ఎవరూ లెక్కపెట్టరు. కాబట్టి "ఆమెకు నార్కోటిక్స్ ఇవ్వడం లేదు" అన్న మాటతో పని అయిపోదు. ఆమె వాడిన మందు ఆ వార్డులో ఏ అరలో ఉంటుందో వెళ్లి చూడాలి.

రెండో ప్రశ్న కష్టమైనది. ఆ మందు రోగికి రాసినదా? రోగికి ఇచ్చినట్టు చార్టులో రాసి తను తీసుకుందంటే, నొప్పితో ఉన్న ఒక మనిషికి మందు అందలేదన్నమాట. జబ్బును జబ్బుగా చూడాలి, నిజమే. రోగికి జరిగిన అన్యాయాన్ని దాని కింద దాచకూడదు. ఆ విచారణ విడిగా, పూర్తిగా జరగాలి. తిరిగి డ్యూటీలో వెయ్యడం గురించి ఆలోచించేది ఆ తర్వాతే.

చట్టం గురించి చాలామందికి తెలియని ఒక మాట. మత్తుమందులను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ సెక్షన్ ఉంది. మత్తుమందు వాడినందుకో, కొద్దిపాటి పరిమాణం దగ్గర ఉన్నందుకో కేసు పడిన వ్యసనపరులు తమంతట తాము ప్రభుత్వ ఆసుపత్రిలోగానీ ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలోగానీ చికిత్సకు వెళితే, ఆ నేరానికి విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు. "చెబితే జైలుకు పంపుతారు" అన్న భయంతోనే చాలామంది నోరు విప్పరు. ఈ సెక్షన్ సంగతి నర్సింగ్ స్టాఫ్ మీటింగులో ఒక్కసారి చెప్పినా ఆ భయం కొంత తగ్గుతుంది.

నాలుగు దారులు, వాటి మంచిచెడ్డలు

మొదటిది, గుట్టుచప్పుడు కాకుండా రాజీనామా పెట్టించడం. ఆసుపత్రి పేరు బయటికి రాదు, పోలీసులు రారు, ఆమె కూడా "థాంక్స్ మేడమ్" అని దండం పెట్టి వెళ్లిపోతుంది. యాజమాన్యాలకు అందుకే ఇది ఇష్టం. నేను దీన్ని ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోను. ఎందుకో చెబుతాను.

చాలా ఏళ్ల క్రితం నేను ఇన్‌చార్జిగా ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఒక బ్రదర్ (మగ నర్సు) ఉండేవాడు. ఓటీలో మంచి చెయ్యి. ఫోర్ట్‌విన్ ఆంప్యూల్స్ లెక్క తేడా వచ్చింది, అడిగితే ఏడ్చేశాడు. సాయంత్రానికి రాజీనామా తీసుకున్నారు. మరుసటి వారం చక్కటి ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ ఇచ్చారు. దాని మీద నేనూ సంతకం చేశాను. ఎనిమిది నెలల తర్వాత ఇంకో ఊళ్లో, ఇంకో ఆసుపత్రి బట్టలు మార్చుకునే గదిలో చనిపోయి కనిపించాడు. మధ్యలో కొన్నాళ్లు మానేశాడట. మానేసినప్పుడు ఆ మందును తట్టుకునే శక్తి ఒంటికి తగ్గిపోతుంది, పాత మోతాదే ప్రాణం తీస్తుంది. ఈ విషయం నర్సులందరం చదువుకున్నదే. అతన్ని పంపించేటప్పుడు మాలో ఒక్కరికీ గుర్తురాలేదు.

రెండోది, మందులు లేని చోట వెయ్యడం. టీకాల గది, ఓపీ, ఇన్‌ఫెక్షన్ కంట్రోల్, సీఎస్‌ఎస్‌డీ (పరికరాలు శుద్ధి చేసే విభాగం), షుగర్ రోగులకు ఇన్సులిన్ వేసుకోవడం నేర్పే చోటు, నాణ్యత తనిఖీ ఫైళ్లు. వార్డు మందులు వాడిన వాళ్లకు మొదటి ఆరు నెలలు నా ఓటు దీనికే. కళ్లెదుట ఆంప్యూల్ లేకపోవడమే పెద్ద సాయం. పగటి డ్యూటీ, చుట్టూ మనుషులు ఉంటారు. ఇబ్బంది ఎక్కడంటే, ఐసీయూలో వెంటిలేటర్లు నడిపిన మనిషి రికార్డుల గదిలో కూర్చుంటే తనను మూలన పడేశారనుకుంటుంది. పది మందీ "ఆమెనెందుకు అక్కడ వేశారు" అని గుసగుసలాడతారు. అందుకే ఫైళ్ల పని కన్నా రోగులతో మాట్లాడే పని మేలు. టీకాల గదిలో ఉన్న నర్సు రోజుకు ఎంతోమంది తల్లులతో మాట్లాడుతుంది, పిల్లల్ని ఎత్తుకుంటుంది. తను ఇంకా నర్సేనన్న నమ్మకం అక్కడ మిగులుతుంది.

మూడోది, అదే వార్డులో ఉంచి, తాళం చెవి మాత్రం ఇవ్వకపోవడం. మద్యం నుంచి కోలుకున్న వాళ్లకు ఇది సరిపోతుంది. వాళ్లకు చెవి సంగతి కూడా అక్కర్లేదు, రోస్టర్ సరిచేస్తే చాలు. వార్డు మందులు వాడిన వాళ్లకు మాత్రం ఇది రెండో మెట్టు, మొదటిది కాదు. ఇక్కడ ఎక్కువగా గొడవ వచ్చేది సహోద్యోగులతో. ఆమె రోగులకు నొప్పి ఇంజెక్షన్ ఎవరు వెయ్యాలి? పక్క సిస్టర్ వెయ్యాలి. రెండు రోజులు వేస్తుంది, మూడో రోజు విసుక్కుంటుంది. దీనికి నేను చేసింది పని మార్పిడి. పక్క సిస్టర్ ఈమె రోగుల ఇంజెక్షన్లు చూస్తుంది, బదులుగా ఈమె ఆమె రోగుల డ్రెస్సింగులు, కొత్త అడ్మిషన్ల పేపర్లు, కాథెటర్ పనులు చూస్తుంది. హ్యాండోవర్ పుస్తకంలో ఈ పంపకం రోజూ రాయాలి. నోటిమాటగా వదిలేస్తే వారం తిరక్కుండా చెడుతుంది.

నాలుగోది, సగం రోజులతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవడం. వైద్యపరంగా చూస్తే చక్కటి పద్ధతి. కానీ ప్రైవేటు ఆసుపత్రిలో సగం డ్యూటీ అంటే సగం జీతం. చదువు అప్పు కడుతూ, ఇంటికి డబ్బు పంపుతూ ఉన్న అమ్మాయికి ఆ లోటే కొత్త టెన్షన్ అవుతుంది. మిగిలిన సెలవులతో సర్దగలిగితేనే ఈ దారి ఎంచుకోండి.

ఎక్కడ వెయ్యకూడదో కూడా చెప్పాలి. ఓటీ, ఐసీయూ, క్యాజువాలిటీ, ఒక్కరే ఉండే నైట్ డ్యూటీ, ఇళ్లకు వెళ్లి చేసే హోమ్ కేర్. ఈ ఆఖరిదాన్ని తేలికైన పని అనుకుని ఇస్తుంటారు. మంచాన పడ్డ క్యాన్సర్ రోగి ఇంట్లో, పక్క బల్ల మీద మార్ఫిన్ బిళ్లలు, చూసేవాళ్లు ఎవరూ ఉండరు. దానికన్నా ఐసీయూ నయం.

పరీక్షా, మాత్రా, మనిషా

చోటు తేలాక, కోలుకోవడం సాగుతోందని ఎలా తెలుసుకోవాలన్నది రెండో ఎంపిక. "నెలకోసారి యూరిన్ టెస్ట్ చేయిస్తే చాలదా" అని అడుగుతారు. చాలదు. మామూలుగా దొరికే ఓపియేట్ కిట్ మార్ఫిన్, కోడీన్ లాంటివాటిని పట్టుకోవడానికి తయారైంది. ఫెంటానిల్, ట్రమడాల్, పెంటజోసిన్ దానికి దొరకవు. ప్రొపొఫాల్ అసలే దొరకదు. మన నర్సు వాడిందే ఆ కిట్‌కు తెలియని మందైతే, "నెగెటివ్" అని వచ్చిన కాగితం చూసి మనం మోసపోతాం. ఆ మందును పేరు పెట్టి వెతికే పరీక్షే ల్యాబ్‌ను అడగాలి. అది ఖరీదైనది. అందుకే ఏ మందు అన్న ప్రశ్న ముందే తేలాలన్నాను.

రెండో వైపు కూడా చూడాలి. ఆదివారం కోడికూరలో గసగసాలు దట్టంగా నూరి వేస్తాం కదా. ఆ గింజల్లో మార్ఫిన్, కోడీన్ జాడలు ఉంటాయి, పరీక్షలో పాజిటివ్ చూపించగలవు. మద్యం జాడను కొన్ని రోజుల వరకు పట్టే ఈటీజీ అనే యూరిన్ పరీక్ష ఉంది. చేతులకు రోజుకు ఎన్నోసార్లు శానిటైజర్ రాసుకునే వాళ్లలో, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వాడే వాళ్లలో అదీ కొద్దిగా పెరిగి కనిపించవచ్చు. కాబట్టి ఇలాంటి పరీక్షలు ఉంటాయని చెప్పే మొదటి రోజే గసగసాలు, మౌత్‌వాష్ మానమని రాతలో ఇవ్వండి. మొదటి పాజిటివ్‌కు ఎవరినీ దోషిని చెయ్యకండి, నిర్ధారణ పరీక్ష వచ్చేదాకా ఆగండి. ఆగినన్నాళ్లూ ఆమెను రోగుల దగ్గర నుంచి మార్చి ఉంచితే ఇద్దరికీ క్షేమం. పరీక్ష తేదీ ముందే తెలియకూడదు. ఒకటో తారీఖున జీతంతో పాటు చేసే పరీక్ష పరీక్ష కాదు.

ఓపియాయిడ్లు, అంటే మార్ఫిన్, ఫెంటానిల్ జాతి మందులు, వాడిన వాళ్లకు డాక్టరు నాల్‌ట్రెక్సోన్ రాస్తే, అది ఆ మందుల ప్రభావాన్ని అడ్డుకుంటుంది. మొదలుపెట్టేముందు వారం నుంచి పది రోజులు ఒంట్లో ఓపియాయిడ్ లేకుండా ఉండాలి, లేదంటే ఒక్కసారిగా విత్‌డ్రాయల్ (మందు ఆగినప్పటి బాధ) ముంచుకొస్తుంది. డ్యూటీలోకి రాగానే ఒకరి ఎదుట మాత్ర వేసుకునే ఏర్పాటు కొందరికి ధైర్యం ఇస్తుంది. "ఇవాళ్టికి తలుపు మూసేశాను మేడమ్" అనేది ఒకమ్మాయి. అయితే మిడాజొలామ్, ప్రొపొఫాల్ మీద అది పనిచేయదు. మద్యం తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ వాడుతుంటే, చేతులకు రాసుకునే ఆల్కహాల్ రబ్ కొందరికి పడదు. డాక్టరుతో ముందే మాట్లాడి సబ్బు నీళ్లతో కడుక్కునే వీలున్న చోట వెయ్యాలి.

ఓపియాయిడ్ వ్యసనానికి చికిత్సగా ఇచ్చే బ్యూప్రినార్ఫిన్ (అదీ ఓపియాయిడే) మీద ఉన్న నర్సు సంగతి వచ్చేసరికి "ఒక మత్తు పోయి ఇంకో మత్తు" అని పెదవి విరుస్తారు. ఇది అన్యాయం. డాక్టరు పర్యవేక్షణలో, స్థిరమైన మోతాదులో ఉన్న చికిత్స అది. అమెరికాలో ఇండియానా రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఇలాంటి మందు వాడుతున్న నర్సును తమ సహాయ కార్యక్రమంలోకి రానివ్వకపోతే, అది వికలాంగుల హక్కుల చట్టానికి విరుద్ధమని అక్కడి న్యాయశాఖ 2022లో తేల్చింది. పనికి తగినదా కాదా అన్నది చికిత్స చేసే డాక్టరు రాసే ఉత్తరం, ఆమె పనితీరు చెప్పాలి.

ఇక మనిషి. ఏ పరీక్షకన్నా ముందు ఇన్‌చార్జి సిస్టర్ కళ్లకే తెలుస్తుంది. మందు ఇచ్చినట్టు చార్టులో ఉంది, రోగి మాత్రం మూలుగుతున్నాడు. "ఆంప్యూల్ పగిలింది" అన్న మాట వారంలో మూడోసారి వినిపించింది. ఆఫ్ ఉన్న రోజు కూడా వార్డులో కనిపించింది. మే నెల ఎండల్లో పొడవు చేతుల స్వెటర్. వీటిలో ఏ ఒక్కటీ సాక్ష్యం కాదు. రెండు మూడు కలిస్తే మాట్లాడాలి.

ఇక్కడ నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. కనిపెట్టి చూసే మనిషి, ఓదార్చే మనిషి ఒకరే కాకూడదు. రెండూ నేనే చేయబోయి ఒకసారి దెబ్బతిన్నాను. నాతో మనసు విప్పి మాట్లాడే అమ్మాయి, నిన్న రాత్రి మందు గుర్తొచ్చి నిద్రపట్టలేదని నాకు చెప్పలేకపోయింది. చెబితే రిపోర్టులో రాస్తానని భయపడింది. ఆ భయం తప్పు కాదు, రాసేదాన్నే. అప్పటి నుంచి రిపోర్టు రాసే పని ఇన్‌చార్జికి ఇచ్చి, మాట్లాడే పని వేరే విభాగంలోని పెద్ద సిస్టర్‌కు ఇచ్చాను. ఆ రెండో ఆమె ఎవరికీ ఏమీ రాయక్కర్లేదు. రోగికో ఆమెకో ప్రాణాపాయం అనిపిస్తే తప్ప నోరు విప్పదని ముగ్గురికీ ముందే తెలియాలి. దగ్గరి స్నేహితురాలికి మాత్రం చూసే పని పెట్టకండి. ఆమె దాచిపెడుతుంది, తర్వాత తనే నలిగిపోతుంది.

అమెరికా పద్ధతిలో తీసుకోదగినది

అక్కడ ఫ్లోరిడా 1983లోనే నర్సుల కోసం ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది, టెక్సాస్‌లో 1987 నుంచి ఉంది. లైసెన్సు మీద చర్యకు బదులు ఒప్పందం రాసుకుంటారు. చాలాచోట్ల అది 3 నుంచి 5 ఏళ్లు ఉంటుంది. ఈరోజు పరీక్ష ఉందో లేదో తెలుసుకోవడానికి రోజూ ఫోన్‌లోనో యాప్‌లోనో చెక్-ఇన్ చెయ్యాలి, కొన్ని నెలలు నార్కోటిక్స్ ముట్టుకోకూడదు, నైట్లు, ఓవర్‌టైమ్ చెయ్యకూడదు, పనిచోట ఒక పర్యవేక్షకురాలు రిపోర్టులు పంపాలి. పరీక్షల ఖర్చు చాలావరకు నర్సు మీదే పడుతుంది, అది అక్కడివాళ్లకూ పెద్ద భారమే. అక్కడ పనిచేస్తున్న తెలుగు నర్సులకు నా సలహా: ఇబ్బంది ఉంటే పట్టుబడేదాకా ఆగకండి. మీ రాష్ట్రంలో ఈ కార్యక్రమం ఉంటే మీరే వెళ్లి చేరండి. బోర్డు క్రమశిక్షణ చర్య తీసుకుంటే అది నర్సిస్ (నర్సుల లైసెన్సు వివరాలు ఉండే డేటాబేస్) రికార్డుల్లో అందరికీ కనిపిస్తుంది.

మన ఆసుపత్రులు అక్కడి నుంచి తీసుకోవాల్సింది రాతపూర్వక ఒప్పందం. రెండు పేజీలు చాలు. ఏ పనులు చెయ్యకూడదు, ఎన్నాళ్లు, ఎవరు చూస్తారు, పరీక్షకు పిలిస్తే ఎంతసేపట్లో రావాలి, ఆంక్షలు ఎప్పుడు ఏ క్రమంలో తీసేస్తారు, మళ్లీ వాడితే ఏం జరుగుతుంది. ఆంక్షలు తీసే తేదీలు తప్పకుండా ఉండాలి. ముగింపు లేని శిక్షను ఎవరూ మోయలేరు.

ఎవరికి చెప్పాలి

మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే సమస్యలను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యం కిందే లెక్కిస్తుంది. అందులోని 23వ సెక్షన్ చికిత్స వివరాలకు గోప్యత హక్కు ఇచ్చింది. కాబట్టి వార్డుకు చెప్పాల్సింది ఒక్క వాక్యం: "డాక్టర్ సలహా మీద సిస్టర్‌కు కొన్నాళ్లు ఇంజెక్షన్ డ్యూటీ లేదు." వెన్ను నొప్పి వచ్చిన సిస్టర్‌కు బరువు పని వద్దన్నప్పుడు ఎవరూ కారణం తవ్వరు కదా. పూర్తి సంగతి సూపరింటెండెంట్‌కు, ఇన్‌చార్జికి, మాట్లాడే పెద్ద సిస్టర్‌కు తెలిస్తే చాలు. ఇంట్లో చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. పెళ్లికాని అమ్మాయి అయితే సంబంధాలు తప్పిపోతాయన్న భయం ఎంత బలంగా ఉంటుందో తెలిసిందే. ఆమెను అడగకుండా నాన్నకు ఫోన్ చెయ్యకండి.

మళ్లీ వాడితే

జరగవచ్చు. జరిగిన రాత్రి ఏం చెయ్యాలో ఆ రాత్రి ఆలోచించకూడదు. డ్యూటీ నుంచి వెంటనే తప్పించండి. రోగులను వేరొకరికి అప్పగించండి. తర్వాత అందరూ మరిచిపోయేది ఒకటుంది: ఆమెను ఒంటరిగా పంపకండి. పట్టుబడిన మొదటి గంటలు, మొదటి రాత్రి ప్రాణం తీసుకునే ఆలోచన వచ్చే సమయం. ఐడీ కార్డు లాక్కుని, ఆటో ఎక్కించి హాస్టల్‌కు పంపితే పని అయిపోలేదు. తను కోరిన మనిషి వచ్చేదాకా పక్కన ఒకరు కూర్చోవాలి. ఆ రాత్రే చికిత్స చేసే డాక్టరుతో మాట్లాడించాలి. డాక్టరు దొరకకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. వ్యసనాల సలహా కోసం కేంద్రం నడిపే 14446 కూడా ఉంది. విచారణ, మెమో అన్నీ మర్నాడు చూసుకోవచ్చు.

తాళం చెవి తిరిగి ఇవ్వడం

"ఇవాళ్టికి తలుపు మూసేశాను" అన్న అమ్మాయి సంగతి చెప్పి ఆపుతాను. తొమ్మిది నెలలు టీకాల గదిలో పనిచేసింది. తర్వాత సర్జికల్ వార్డుకు పగటి డ్యూటీలో వచ్చింది, చెవి లేకుండా, పని మార్పిడితో. పద్నాలుగో నెలలో డాక్టరు ఉత్తరం, ఇన్‌చార్జి రిపోర్టులు చూసి చెవి ఇచ్చాం. ఒప్పందంలో ఆ తేదీ ముందే రాసి ఉంది. ఆంప్యూల్ తీసిన ప్రతిసారీ రెండో సంతకం ఉండాలన్న షరతు మాత్రం ఇంకో ఆరు నెలలు. మొదటిరోజు హ్యాండోవర్‌లో నేనూ అక్కడే ఉన్నాను. అల్మారా తెరిచి ఆంప్యూల్స్ లెక్కపెట్టింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. రిజిస్టర్‌లో అంకె వేసి, పెన్ను నా చేతికిచ్చి, "మేడమ్, మీరూ ఒకసారి లెక్కపెట్టి సంతకం చెయ్యండి" అంది.